మ్యాప్‌లో లేని పేర్లు

దారి తెలియకపోతే మీరేం చేస్తారు? ఫోన్ తీసి గూగుల్ మ్యాప్స్ చూస్తారు. నేనూ అంతే. డాలస్‌లో ఏ రోడ్డు మీద ట్రాఫిక్ ఎంత ఉందో తెలుసుకోవడానికి నాకు అదే చాలు. కానీ నాకు ఇంకో పని పడింది. దానికి అది ఒక్కటే సరిపోలేదు.

మా అమ్మమ్మది కోనసీమలో చిన్న ఊరు. ఆవిడకి 82 ఏళ్ళు. "పుంత దాటి, చింతతోపు పక్కనుంచి రేవుకి పోయేవాళ్ళం" అని చెప్తూ ఉంటుంది. పుంత అంటే పొలాల మధ్య బండి దారి. రేవు అంటే పడవ ఎక్కే చోటు. ఈ పేర్లు తెలిసినవాళ్ళు మా ఇంట్లో ఇక ఆవిడ ఒక్కరే. అందుకే వాటిని మ్యాప్ మీద పెట్టాలనుకున్నాను.

ముందు గూగుల్ మై మ్యాప్స్ వాడాను. ఇది చాలా తేలిక. పిన్ను పెట్టి, తెలుగులో పేరు రాసి, ఫొటో కూడా కలపొచ్చు. మన ఇంట్లోవాళ్ళకి మాత్రమే కనబడేలా ఉంచుకోవచ్చు.

తరవాత ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ చూశాను. ఇది 2004లో ఇంగ్లండ్‌లో మొదలైంది. వికీపీడియాలాగే ఎవరైనా దీన్ని దిద్దవచ్చు. తెలుగు పేరు రాయడానికి విడిగా చోటుంది. అయితే ఇది అందరి మ్యాప్. ఊళ్ళోవాళ్ళు నిజంగా వాడే పేర్లే రాయాలి. వేరే మ్యాప్‌లో చూసి కాపీ కొట్టకూడదు. ఆర్గానిక్ మ్యాప్స్ అనే యాప్ ఈ సమాచారాన్నే వాడుతుంది. ముందే దింపుకుంటే సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది.

పైనుంచి ఊరిని చూడాలంటే ఇస్రో 2009లో మొదలుపెట్టిన భువన్ ఉంది. గూగుల్ ఎర్త్‌లోనైతే పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు కూడా చూడొచ్చు. గోదావరి ఒడ్డు కోసుకుపోతూ ఉంటుంది కాబట్టి, మాకు ఇవి బాగా పనికొచ్చాయి. వీడియో కాల్‌లో స్క్రీన్ చూపిస్తే అమ్మమ్మ, "అమ్మడూ, ఇంకొంచెం కిందకి జరుపు. ఆ కాలవ వంపు దగ్గరే రేవు!" అంది.

చివరికి నేను రెండూ ఉంచుకున్నాను. తాతయ్య నాటిన మామిడిచెట్టు మా ఇంటి మ్యాప్‌లో ఉంది. రేవు పేరు మాత్రం అందరి మ్యాప్‌లోకి వెళ్ళింది.

ఇప్పుడు మీ వంతు. ఈ వారం మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఫోన్ చేయండి. వాళ్ళ ఊళ్ళో మూడు చోట్ల పేర్లు అడగండి. ఆ పేరు ఎందుకు వచ్చిందో కూడా అడిగి, తెలుగులో రాసుకోండి. ఏ మ్యాప్‌లో పెట్టాలో తరవాత ఆలోచించవచ్చు. ముందు పేర్లు అడగండి.