ఉల్లి దిగింది... ర్యామ్ ఎక్కింది!

కర్నూలులో హంద్రీకి అవతలి ఒడ్డు కల్లూరు. ఒకప్పుడు పక్క ఊరు. ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. ఎస్టేటు దాటి నంద్యాల రోడ్డు పట్టుకుంటే జి.పుల్లారెడ్డి ఇంజినీరింగ్ కళాశాల, నగరం వెలుపల జగన్నాథగట్టు మీద ట్రిపుల్‌ఐటీ డీఎం. ఇంతమంది కుర్రాళ్లున్న చోట గేమింగ్ కంప్యూటర్ మోజు లేకపోతేనే ఆశ్చర్యం!

ఈ మోజున్నవాళ్లు చాలామంది తయారుగా ఉన్న పెట్టె కొనరు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు... విడివిడిగా ఏరుకుని బిగించుకుంటారు. ఊరు కూడా అందుకు అనువైన చోటే ఉంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉత్తరానికి సుమారు 210 కిలోమీటర్లు వెళ్తే హైదరాబాద్. అక్కడి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చినాయ్ ట్రేడ్ సెంటర్... అదే సీటీసీ. దక్షిణానికి సుమారు 360 కిలోమీటర్లు వెళ్తే బెంగళూరు ఎస్పీ రోడ్డు. పొద్దున్నే సికింద్రాబాద్ వైపు బస్సెక్కితే రాత్రికి అట్టపెట్టెలతో ఇల్లు చేరొచ్చు.

ఎప్పుడు ఎక్కాలన్నదే చిక్కు.

2025 ఆగస్టు, సెప్టెంబరుల్లో కర్నూలు యార్డులో ఉల్లి ధర పడిపోయింది. క్వింటా 1,200 రూపాయలకు కొంటామని ప్రభుత్వమే ముందుకు రావాల్సి వచ్చింది. సరిగ్గా ఆ తర్వాతి నెలల్లోనే ర్యామ్ ధరలు రెట్టింపు దాటాయి. పంట డబ్బు మీద ఆశపెట్టుకున్న ఇళ్లలో కొడుకు ‘ఇప్పుడే కొందాం నాయనా’ అంటే, ‘రేటు ఎక్కినప్పుడు ఎవడన్నా కొంటాడా? కొన్నాళ్లు ఆగు, దిగుతాది’ అనడం తండ్రికి సహజం. ఉల్లి నేర్పిన పాఠం మరి!

కానీ ఉల్లి నాటితే నాలుగైదు నెలల్లో కొత్త పంట వస్తుంది. మెమరీ చిప్పుల ఫ్యాక్టరీ కట్టి సరుకు తీయడానికి ఏళ్లు పడుతుంది. ప్రపంచానికి ఈ చిప్పుల్లో అత్యధిక భాగం చేసిపెట్టేది శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్... మూడే. కృత్రిమ మేధ డేటా సెంటర్లు ఎక్కువ ధరకు ఎగరేసుకుపోతుంటే, ఇంటి కంప్యూటర్లకు మిగిలేదెంత? 2025 డిసెంబరులో మైక్రాన్ తన ‘క్రూషియల్’ బ్రాండు రిటైల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. అదే నెలలో డాలరు 90 రూపాయలు దాటింది. దిగుమతి సరుకు మీద అదో దెబ్బ.

అలాగని తండ్రి మాట ప్రతిసారీ తప్పు కాదు. 2021లో క్రిప్టో మైనింగ్ గిరాకీకి గ్రాఫిక్స్ కార్డులు చుక్కలు చూశాయి. 2022 సెప్టెంబరులో ఎథీరియం మైనింగ్ పద్ధతికి స్వస్తి చెప్పింది. ఓపిక పట్టినవాళ్లు బాగుపడ్డారు. అప్పుడు గిరాకీ ఒక్కసారిగా పోయింది. ఈసారి గిరాకీ డేటా సెంటర్లది. వాటికి గోడలు ఇంకా లేస్తున్నాయి.

చదువుకు కంప్యూటర్ అవసరమే అయితే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ముందు చూసుకోవడం మేలు. పాత కంప్యూటర్‌లోని ర్యామ్ పనికొస్తే దానికి సరిపోయే బోర్డు ఎంచుకుంటే ఇంకా మేలు. అయితే నెలకో భాగం కొని అటక మీద పెట్టే పద్ధతి మాత్రం ప్రమాదం. వారంటీ కొన్న రోజునుంచే లెక్క. బిగించి చూసేసరికి మార్చుకునే గడువు దాటిపోతుంది. తప్పనిసరైతే తెలిసినవాళ్ల కంప్యూటర్‌లో ఒకసారి పెట్టి చూసుకోవాలి.

క్యాబినెట్‌కు తొందరేమీ లేదు. కర్నూలు ఎండలకు ముందువైపు జాలీ ఉండి, ఫ్యాన్లు ఎక్కువ పట్టేది తీసుకుంటే చాలు. దుమ్ము దులపడం వారానికోసారి ఎలాగూ తప్పదు!