కుండకు పట్టే చెమట

వేసవి వచ్చిందంటే ఫ్రిజ్ ఉన్న ఇళ్లలో కూడా ఓ మూల ఇసుక మీద మట్టికుండ కూర్చుంటుంది. ‘ఆ నీళ్ల రుచే వేరు’ అంటారు పెద్దవాళ్లు. కరెంటు లేదు, మోటారు లేదు. మరి ఆ చల్లదనం ఎక్కణ్నుంచి వస్తోందని పిల్లలు అడిగితే మాత్రం చాలా ఇళ్లలో జవాబుండదు.

నిజానికి చల్లదనం రాదు... వేడి పోతుందంతే! కుండ గోడకు కంటికి కనిపించని సన్నని రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీరు బయటికి ఊరి, గాలికి ఆవిరవుతుంది. గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కెలోరీ చాలు. అదే గ్రాము నీరు ఎండాకాలపు గాలికి ఆవిరి కావాలంటే దాదాపు 580 కెలోరీలు కావాలి. పది లీటర్ల కుండలోంచి టీ గ్లాసెడు, అంటే వంద గ్రాముల నీరు అలా పోయిందనుకోండి. ఆ వేడంతా లోపలి నీళ్లనుంచే తీసుకుంటే అవి ఆరు డిగ్రీల దాకా చల్లబడతాయి.

థర్మామీటరుకు చిక్కని ఈ వేడిని 1760ల్లో లెక్కగట్టినవాడు గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన జోసెఫ్ బ్లాక్. మన పాఠ్యపుస్తకాల్లో దాని పేరు ‘గుప్తోష్ణం’.

అనంతపురం పొడిగాలికి కుండలో నీళ్లు జిల్లుమంటాయి. విశాఖ తీరంలో అదే కుండ అంత పని చెయ్యదు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీరు త్వరగా ఆవిరి కాదు మరి! పాత కుండదీ ఇంచుమించు అదే కథ. నీటిలోని లవణాలు రంధ్రాలను పూడ్చేస్తాయి. ఏటా కొత్త కుండ కొనేది అందుకే.

మనిషి ఒళ్లూ ఓ కుండే. గాలి ఒంటికన్నా వేడెక్కినప్పుడు చెమట ఆరడమొక్కటే చల్లబడే దారి. ఉక్కపోతలో చెమట కారుతుందేగానీ ఆరదు. వేడి లోపలే ఉండిపోతుంది. అందుకే పొడి ఎండకన్నా నాలుగు డిగ్రీలు తక్కువున్న ఉక్క ఒక్కోసారి ఎక్కువ ప్రమాదం. 2015 మే నెలలో వడగాలులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీశాయి. ఎండన పడి కష్టం చేసుకునేవాళ్లు, ముసలివాళ్లే అందులో ఎక్కువ.

వడదెబ్బ తగిలినవాళ్లను నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసరమనడం వెనక ఉన్నదీ కుండ సూత్రమే. తడిపితే చాలదు, గాలి ఆడాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పొయ్యకూడదు. వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. అంబులెన్సు వచ్చేదాకా తడిగుడ్డా, విసనకర్రా ఆగకూడదు.