ఎగిరే విమానం... ఎక్కడుంది?

అనకాపల్లి పక్కనే శంకరం. రాతిని తొలిచి కట్టిన స్తూపాలూ, గుహలూ, బుద్ధ విగ్రహాలూ చూడ్డానికే ఎవరైనా ఇక్కడి బొజ్జన్నకొండ ఎక్కుతారు. పైకెళ్లాక కాస్త తలెత్తి చూస్తే ఇంకో సందడీ ఉంటుంది. విశాఖ విమానాశ్రయం ఇక్కడికి పాతిక ముప్ఫై కిలోమీటర్లే. మబ్బుల్లో మోత వినిపిస్తే చాలు, కుర్రాళ్లు సెల్‌ఫోన్ తీస్తారు. ఏ విమానం, ఎక్కణ్నుంచి ఎక్కడికి, ఎంత ఎత్తులో, ఎంత వేగంతో... అన్నీ తెర మీద ప్రత్యక్షం!

ఇందులో మంత్రమేమీ లేదు. విమానం జీపీఎస్‌తో తనెక్కడుందో తెలుసుకుని, ఆ వివరాన్ని సెకనుకి దాదాపు రెండుసార్లు రేడియోలో చాటుతుంది. దీన్నే 'ఏడీఎస్-బీ' అంటారు. మేడ మీద చిన్న యాంటెన్నా పెట్టుకున్నవారెవరైనా ఆ సంకేతాన్ని అందుకోవచ్చు. అలా అందుకున్నవన్నీ కలిపే 'ఫ్లైట్‌రాడార్‌24' లాంటి సంస్థలు మ్యాపు చూపిస్తాయి.

అయితే ఓ చిక్కుంది. భూమి గుండ్రం కదా... ఎత్తులో ఎగిరే విమానమైనా నేల మీది యాంటెన్నాకి నాలుగొందల కిలోమీటర్లకు అటూ ఇటుగానే అందుతుంది. తీరం దాటి బంగాళాఖాతం లోపలికి వెళితే ఆ తర్వాత అంతా మౌనమే.

ఆ మౌనం ఎంత భయంకరమైందో ఈ ప్రాంతానికి తెలుసు. 2016 జులై 22 ఉదయం చెన్నై దగ్గరి తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి వాయుసేన ఏఎన్-32 విమానం బయల్దేరింది. లోపల 29 మంది. వారిలో ఎనిమిది మంది విశాఖలోని నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. 9.12 గంటలకు విమానం రాడార్ తెర మీంచి మాయమైంది. ఓడలూ విమానాలూ వారాల తరబడి గాలించాయి. ఆచూకీ లేదు. సెప్టెంబరులో అందరూ మరణించినట్లే భావిస్తున్నామని కుటుంబాలకు కబురొచ్చింది. సముద్రం అడుగున 3,400 మీటర్ల లోతులో శకలాల ఫొటోలు దొరికిన సంగతి బయటికొచ్చింది మాత్రం 2024 జనవరిలో! ఎక్కడో చెప్పడానికే ఏడున్నరేళ్లు పట్టింది.

అది సైనిక విమానం. మరి వందలమంది ఎక్కే ప్రయాణికుల విమానాల మాటేమిటి? 2009 జూన్ 1న 228 మందితో అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 బ్లాక్‌బాక్సులు దొరకడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. 2014 మార్చి 8న 239 మందితో అదృశ్యమైన మలేసియా ఎంహెచ్370 అసలు శిథిలం ఇప్పటికీ దొరకలేదు. ఉపగ్రహంతో అది గంటకోసారి జరిపిన పలకరింపుల్ని లెక్కగట్టే, హిందూ మహాసముద్రం దక్షిణాన వెతకాలని తేల్చారు.

ఆ దెబ్బతో ప్రపంచం మేలుకొంది. సముద్రాల మీద ఎగిరే పెద్ద విమానాల జాడ కనీసం పావుగంటకోసారి సంస్థకు తెలియాలన్న అంతర్జాతీయ నిబంధన 2018 నవంబరులో అమల్లోకి వచ్చింది. అయినా గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వెళ్లే విమానం పావుగంటలో 225 కిలోమీటర్లు పోతుంది. అంటే అనకాపల్లి నుంచి రాజమండ్రి దాటిపోయేంత! 2019 నుంచి 66 ఇరిడియం ఉపగ్రహాలు ఏడీఎస్-బీ సంకేతాన్ని ఆకాశంలోంచే అందుకుంటున్నాయి. మారుమూల సముద్రమైనా ఇక మాట వినిపిస్తుంది... విమానం మాట్లాడుతున్నంత వరకూ. ఆ పరికరం ఆగిపోయినా, ఎవరైనా ఆపేసినా కథ మళ్లీ మొదటికే.

దీనికీ ఓ మందు కనిపెట్టారు. విమానం అదుపు తప్పుతున్నట్లు గమనించగానే, పైలట్ ప్రమేయం లేకుండా నిమిషానికోసారి తన చోటు చెప్పే ఏర్పాటది. 27 టన్నులకు మించిన కొత్త విమానాలకు ఈ నిబంధన 2025 జనవరి 1 నుంచి వర్తిస్తోంది. నిమిషంలో విమానం వెళ్లేది పదిహేను కిలోమీటర్లే... అనకాపల్లి నుంచి యలమంచిలి కూడా రాదు. వెతికేవారికి అదెంత ఊరటో చెప్పక్కర్లేదు. కానీ పాత విమానాలకు ఈ నియమం లేదు. అవి ఇంకా చాలా ఏళ్లు ఎగురుతాయి. సైనిక విమానాలకు పౌర విమానయాన నిబంధనలు వర్తించవు.

ఇదే జిల్లాలోని పూడిమడకలో అడిగితే ఈ తంటా ఇంకా బాగా అర్థమవుతుంది. వేటకెళ్లిన పడవ సెల్‌ఫోన్ సిగ్నల్ దాటితే ఒడ్డున ఉన్నవారికి దిక్కుతోచదు. ఉపగ్రహం ద్వారా కబురు పంపే, ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లను లక్ష పడవలకు అమర్చే జాతీయ పథకం 2024 ఆగస్టు 30న మొదలైంది. పడవైనా విమానమైనా, ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లకి కావలసింది ఒక్క మాటే... 'ఇదిగో, ఇక్కడున్నాం' అని!