టప్‌మన్న టైరు
ట్యూబ్‌లెస్ సైకిల్ టైరు ఇంట్లోనే బిగిద్దామని ఆదివారం బాల్కనీలో కూర్చున్నాను. రిమ్‌కి టేపు లాగి అంటించడమే అసలు పని. స్పోకుల రంధ్రాల మీద ఒక్క ముడత మిగిలినా గాలి నిలవదు. నాకు మిగిలింది. పీకి, రిమ్ తుడిచి, మళ్లీ మొదటికొచ్చాను. తర్వాత పంపు ఎంత కొట్టినా టైరు అంచు రిమ్‌ను పట్టదే! గాలి ఒక్కపెట్టున దూరేలా వాల్వు కోర్ తీసేసి, అంచులకు సబ్బునీళ్లు రాసి, పళ్లు బిగించి కొట్టాను. టప్, టప్! పక్కింటావిడ తొంగిచూసింది. వాల్వులోంచి 60 మిల్లీలీటర్ల సీలెంటు పోసి, కోర్ బిగించి, గాలి నింపి చక్రం తిప్పుతుంటే, పంక్చరు కొట్లో నీళ్ల బేసిన్‌లో బుడగలు వెతికిన రోజులు గుర్తొచ్చాయి. ఇప్పుడు పంక్చరు రంధ్రాన్ని ఈ పాలలాంటి ద్రవమే వెతికి పూడుస్తుందట. అయినా సంచిలో ఒక ట్యూబు పెట్టుకునే బయల్దేరుతున్నాను.