మారదామా... ఉండిపోదామా?

ఊరు మారడమంటే ఒకప్పుడు అంత పెద్ద విషయమేం కాదు. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు చేతికొచ్చేది. లారీ మాట్లాడేవారు. మంచాలు, బిందెలు, కుట్టుమిషను ఎక్కించి, పిల్లల టీసీలు జేబులో పెట్టుకుని బయల్దేరేవారు. తాలూకా మారినా, జిల్లా మారినా సర్కారు బడి సర్కారు బడే, పుస్తకాలూ అవే. వెళ్దామా వద్దా అని ఇంట్లో ఆడవాళ్లను అడిగిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు. ఆ మాట కూడా చెప్పుకోవాలి మరి!

ఇప్పుడలా కుదరదు. సొంత ఫ్లాటు, దాని మీద బ్యాంకు అప్పు, ఇల్లాలి ఉద్యోగం, పిల్లల ఎంట్రన్సులు, పెద్దవాళ్లకు అలవాటైన డాక్టరు... ఒకటి కదిపితే నాలుగు కదులుతాయి. అందుకే చాలామంది ఓ తెల్లకాగితం తీసి మధ్యలో గీత గీస్తారు. ఇటు లాభాలు, అటు నష్టాలు.

2016 వేసవిలో హైదరాబాద్‌లో ఎన్నో ఇళ్లలో అలాంటి గీతలు పడ్డాయి. రాష్ట్ర విభజన చట్టం హైదరాబాద్‌ను పదేళ్ల ఉమ్మడి రాజధాని అంది. అంటే 2024 జూన్ 2 దాకా ఆంధ్రప్రదేశ్ సచివాలయ ఉద్యోగులు ఇక్కడే ఉండొచ్చు అనుకున్నారు. రెండేళ్లు తిరగ్గానే వెలగపూడిలో తాత్కాలిక భవనాలు లేచాయి. జూన్ 27కల్లా రావాలన్నారు. విడతలు విడతలుగా కదిలి, అక్టోబరు నాటికి సచివాలయం దాదాపు మొత్తం కృష్ణ ఒడ్డుకు చేరింది.

వనస్థలిపురంలో ఉండే ఓ సెక్షన్ ఆఫీసరు ఇంట్లో కాగితం కాదు, ఏకంగా నోటుబుక్కే తయారైంది. కూతురు సగం వాడి వదిలేసిన లాంగ్ నోట్సు అది. ఆయనది తెనాలి దగ్గర పల్లెటూరు. ఉద్యోగం వచ్చాక హైదరాబాద్ చేరి ఇరవై మూడేళ్లయింది. భార్య ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. కూతురు పదో తరగతి, కొడుకు ఆరు. తల్లికి డెబ్భై నాలుగు.

ఫైళ్లు రాసిన చెయ్యి కదా, పద్దులు పొందిగ్గా వేశారు. లాభాల కింద మొదటిది ఇంటి అద్దె భత్యం 30 శాతం. రెండోది వారానికి అయిదు రోజుల పని. మూడోది పిల్లల స్థానికత. హైదరాబాద్‌లో చదివిన పిల్లలు అక్కడే లోకల్ అవుతారు. కాలేజీల్లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లవే. 2014 జూన్ 2 నుంచి మూడేళ్లలోపు తరలి వచ్చినవాళ్లకు ఆంధ్రలో స్థానికత ఇస్తూ 2016లో రాష్ట్రపతి ఉత్తర్వులను సవరించారు. పిల్లలున్న ఉద్యోగులకు జీతం కంటే పెద్ద ఆశ అదే. నాలుగో పద్దు: 'అమ్మకు సొంతూరు దగ్గర'.

నష్టాల కింద... బెజవాడలో రెండు గదుల ఇంటికి 12 వేలు అద్దె. వెలగపూడిలో ఉందామంటే అప్పటికి అక్కడ పొలాలు తప్ప కాపురముండే చోటేదీ? అందరూ విజయవాడ, గుంటూరు, మంగళగిరి, తాడేపల్లి మీదే పడ్డారు. టూలెట్ బోర్డులు మాయమై అద్దెలు పెరిగాయి. వనస్థలిపురం ఫ్లాటు మీద నెలనెలా 16 వేల వాయిదా. దాన్ని అద్దెకిస్తే వచ్చేది తొమ్మిది వేలు. భార్య జీతం 22 వేలు ఆగిపోతుంది. ఇక ఎండలు! హైదరాబాద్‌లో పగలు మాడినా రాత్రికి కాస్త గాలి ఆడుతుంది. రోహిణి కార్తెలో బెజవాడ ఉక్కపోత సంగతి వేరే చెప్పాలా? (నీళ్ల విషయంలో మాత్రం పేచీ లేదు. హైదరాబాద్ కుళాయిల్లో వచ్చేదీ చాలావరకు నాగార్జునసాగర్ నుంచి తోడిన కృష్ణ నీళ్లే.)

ఓ ఆదివారం ఆ నోటుబుక్కును అందరి ముందూ పెట్టారు. అక్కడే వచ్చింది చిక్కు.

''ఏవండీ, నా జీతం రాశారు, సరే. పద్నాలుగేళ్ల సర్వీసు ఎక్కడ రాశారు?'' అందావిడ. ప్రైవేటు స్కూల్లో సీనియారిటీ గేటు బయటికి రాదు. కొత్త ఊళ్లో కొత్త స్కూలంటే మళ్లీ డెమో క్లాసు, మళ్లీ కింది మెట్టు జీతం, ఇరవై అయిదేళ్ల కోఆర్డినేటరు ముందు నోట్సు పట్టుకుని నిలబడటం. ఇది ఏ పద్దు కింద రాయాలో సెక్షన్ ఆఫీసరుగారికి తెలియలేదు.

పెద్దావిడ నాలుగో పద్దు చదివించుకుని నవ్వింది. ''ఒరేయ్, తెనాల్లో ఇప్పుడు నాకెవరున్నార్రా? మీ మేనమామ పోయె. పక్కింటి పిన్ని కూతురి దగ్గరికి అమెరికా పోయె. సాయంత్రం గుడి అరుగు మీద కూర్చునే నా జనమంతా ఈ వీధిలోనే ఉన్నారు.'' కొడుకు లాభం అనుకున్నది తల్లికి నష్టం. ఊరంటే మనుషులని, ఆ మనుషులు ఎప్పుడో ఇల్లు ఖాళీ చేశారని ఆవిడకు తెలిసినంత ఆయనకు తెలియదు.

కూతురు మాట ఒక్కటే: ''నాన్నా, టెన్త్‌లో స్కూలు మారిస్తే నేను చదవను.'' కొడుక్కి ఎక్కడైనా ఒకటే. ప్లేగ్రౌండు ఉందా అని అడిగి బయటికి పరిగెత్తాడు.

చివరికి ఎవరి మనసూ నొప్పించని దారి దొరికింది. ''ఒక్క ఏడాది నేనే వెళ్లొస్తా. పాప టెన్త్ అవ్వనీ, చూద్దాం.'' విజయవాడలో ముగ్గురు సహోద్యోగులతో కలిసి రూము. తన వాటా అద్దె నాలుగు వేలు, మెస్సు మూడు వేలు, ప్రయాణాలకు మూడు వేలు. మొత్తం పది వేలు. భార్య జీతం ఆగదు, అమ్మ గుడి ఆగదు, పాప చదువు ఆగదు. నోటుబుక్కు ప్రకారం దీనికి మించిన లాభసాటి బేరం లేదు.

అలా తేల్చుకున్న ఇల్లు ఇదొక్కటే అయితే చెప్పుకోవాల్సిన పనిలేదు. చాలామంది చేసిందిదే. వాళ్ల కోసమే విజయవాడ నుంచి గుంటూరు మీదుగా సికింద్రాబాద్‌కు 2016లో ఓ ఇంటర్‌సిటీ రైలు వేశారు. శుక్రవారం సాయంత్రం ఆఫీసవగానే సంచి భుజాన వేసుకుని మంగళగిరిలో ఎక్కితే, సికింద్రాబాద్‌లో దిగి వనస్థలిపురం చేరేసరికి వీధి సద్దుమణిగేది. సీటు దొరక్కపోతే బస్సు. బస్సయితే పనామా దగ్గర దిగితే ఇల్లు దగ్గర. ఆదివారం సాయంత్రం నుంచే మళ్లీ సర్దుడు. ఉతికిన చొక్కాలు అయిదు, కందిపొడి సీసా ఒకటి, తల్లి చేసిన జంతికలు.

ఏడాది గడిచింది. అయిదు రోజుల పనివారాన్ని ప్రభుత్వం మరో ఏడాది పొడిగించింది. మూడేళ్ల స్థానికత గడువు అయిదేళ్లయింది, ఆపై ఇంకా పెరిగింది. ప్రభుత్వం పొడిగించినప్పుడల్లా ఇంట్లోనూ ఆ నిర్ణయం పొడిగింపు పొందింది! తొందరేముంది, గడువుందిగా అనుకున్నారు.

2017లో కూతుర్ని బెజవాడలోనే ఇంటర్మీడియట్ రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చారు. తండ్రీ కూతుళ్లు ఒకే ఊళ్లో ఉన్నారని అమ్మమ్మలూ తాతయ్యలూ సంబరపడ్డారు. అసలు సంగతేమిటంటే హాస్టల్ పిల్లల్ని బయటికి వదిలేది ఆదివారం. ఆ ఆదివారం నాన్న హైదరాబాద్‌లో. ఆయన ఆగిపోతే వనస్థలిపురంలో కొడుకు మొహం ముడుచుకునేవాడు. వారం మార్చి వారం పంచుకున్నారు. ఆగిన ఆదివారాల్లో పాపను బీసెంట్ రోడ్డుకు తీసుకెళ్లి, హోటల్లో దోసె తినిపించి, సాయంత్రం గేటు దగ్గర దించి, నలుగురు మగవాళ్లున్న రూముకు తిరిగొచ్చేవారు. రూముకు పిల్లను తీసుకెళ్లలేరుగా మరి. సొంత కూతురికి సొంత ఊళ్లో కూర్చోబెట్టే చోటు లేదు.

2018 ఫిబ్రవరిలో ఓ బుధవారం రాత్రి పెద్దావిడ బాత్రూములో జారిపడింది. కోడలు, పక్క ఫ్లాటాయన కలిసి ఆస్పత్రికి తీసుకెళ్లారు. దొరికిన బస్సెక్కి కొడుకు తెల్లారి వచ్చేసరికి మణికట్టుకు కట్టు పడింది. డాక్టరుతో మాట్లాడింది, ఫారాల మీద సంతకం పెట్టింది, డబ్బు కట్టింది... అన్నీ కోడలే. ఆ పొద్దున ఏడున్నరకల్లా ఆవిడ స్కూలుకు బయల్దేరింది. ఆ నెల పరీక్షలు.

నెలకు పది వేలే కదా అని వేసిన లెక్కలో ఇవేవీ లేవు. హైదరాబాద్ నుంచి విజయవాడకు సుమారు 275 కిలోమీటర్లు. రానూపోనూ వారానికి 550. ఏడాదిలో 45 వారాలు తిరిగినా దాదాపు 25 వేల కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత 40 వేలు! వారానికి పదకొండు గంటల ప్రయాణం వేసుకుంటే ఏడాదిలో ఇరవై రోజులు బండిలోనే గడిచిపోయినట్టు. రెండు ఊళ్లను తూకం వేశామనుకుని, మధ్యలో ఉన్న దారిలో కాపురం పెట్టిన వాళ్లు వీళ్లు. మారితే ఏం పోతుందో, ఉంటే ఏం పోతుందో రాశారు. సగం మారితే ఏం పోతుందో రాయడానికి ఆ నోటుబుక్కులో మూడో గీత లేదు.

అదే సెక్షన్లోని మరొకాయన 2016 ఆగస్టులోనే మంచాలతో సహా దిగిపోయారు. పిల్లలు మూడు, అయిదు తరగతులు. భార్యకు ఉద్యోగం లేదు. దసరాకల్లా పిల్లలకు స్నేహితులు దొరికారు. కూకట్‌పల్లి ఫ్లాటు అమ్మి రాజధాని ప్రాంతంలో స్థలం కొన్నారు. 2019 తర్వాత అక్కడ ధరలు పడిపోయినప్పుడు ఆ ఇంట్లో ఎన్ని రాత్రులు నిద్ర పట్టలేదో! అమ్మేసిన ఫ్లాటు ధర మాత్రం పెరుగుతూ పోయింది. డబ్బు లెక్కలో ఆయన దెబ్బతిన్నట్టే. అయినా రోజూ రాత్రి నాలుగు కంచాలూ ఒకచోటే పెట్టుకున్నారు. ఇద్దరి కథా పక్కపక్కన పెడితే ఒకటి స్పష్టంగా కనబడుతుంది. ఆయనకు సులువైంది, ఈయనకు కష్టమైంది డబ్బు వల్ల కాదు. పిల్లలు ఏ తరగతిలో ఉన్నారు, ఇల్లాలికి ఉద్యోగముందా... ఈ రెండే నిర్ణయించాయి. మిగతావన్నీ ఆ తర్వాత సర్దుకునేవే.

వనస్థలిపురం వాళ్లూ కదలబోయారు ఒకసారి. 2019 దసరా సెలవుల్లో తాడేపల్లిలో ఇల్లు చూశారు. వేసవిలో మారదామని మాట. డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల ప్రకటన వచ్చింది. సచివాలయం విశాఖ పోవచ్చన్నారు. ''ఇంకో గీత గీయండి, విశాఖ లాభనష్టాలు కూడా రాద్దాం'' అందావిడ. నవ్వుతూ అందో కోపంతో అందో ఆయన ఇప్పటికీ చెప్పలేరు. తర్వాత 2020 మార్చిలో లాక్‌డౌన్. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర వాహనాలు ఆగిపోయాయి. ఆయన అటు, ఇల్లు ఇటు. రెండు నెలలకు పైగా వీడియో కాల్‌లోనే సంసారం.

మూడు రాజధానుల చట్టాలను 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు. సచివాలయం వెలగపూడి దాటలేదు. 2022లో పీఆర్సీతో ఇంటి అద్దె భత్యం 30 నుంచి 24 శాతానికి దిగింది. నోటుబుక్కులో మొదటి లాభం అదే కదా! ఆ జనవరిలోనే పదవీ విరమణ వయసు 60 నుంచి 62 అయింది. ఇంకో నాలుగేళ్లు ఓర్చుకుంటే చాలనుకున్న ప్రయాణం ఆరేళ్లయింది. సంతోషించాలో బాధపడాలో తెలియని పెంపు అది.

2024 జూన్ 2న ఉమ్మడి రాజధాని గడువు ముగిసింది. అప్పటికి కూతురు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. కొడుకు చెన్నైలో హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. ఎవరి స్కూలు, ఎవరి సీటు కోసం ఇన్నేళ్లు తూకం వేశారో వాళ్లు ఆ రెండు ఊళ్లనూ వదిలి ఎటో వెళ్లిపోయారు. మూడు గదుల ఫ్లాటులో అత్తాకోడళ్లు ఇద్దరే మిగిలారు, ఒకరి బీపీ బిళ్ల ఒకరికి గుర్తుచేసుకుంటూ.

2025 మార్చిలో ఆవిడ స్కూల్లో నోటీసు ఇచ్చింది. ఎవరూ అడగలేదు, ఎవరూ గీత గీయలేదు. వైస్ ప్రిన్సిపాల్ అయి నాలుగేళ్లయింది, చెప్పాల్సిన లెక్కలు చెప్పేసింది, అంతే. బంధువులు ఆశ్చర్యపోయారు. ''ఇంకో మూడేళ్లలో ఆయనే రిటైరై వచ్చేస్తాడు కదమ్మా, ఇప్పుడెందుకు?'' అన్నారు. ''ఒక్క ఏడాదే కదా అని తొమ్మిదేళ్ల క్రితం కూడా అనుకున్నాం పిన్నీ'' అంది.

పెద్దావిడకిప్పుడు ఎనభై మూడు. గుడి అరుగు మీది జనంలో ఇద్దరు పోయారు, ఒకరు కొడుకు దగ్గరికి వెళ్లారు. వస్తానంది. ఆవిడ షరతులు మూడు. ఇల్లు కింది అంతస్తులో ఉండాలి. నడిచి వెళ్లేంత దూరంలో రామాలయం ఉండాలి. ఆస్పత్రి దగ్గర్లో ఉండాలి. మూడోదానికి ఇబ్బంది లేదు, మంగళగిరి ఎయిమ్స్‌లో 2019 నుంచే ఓపీ చూస్తున్నారు. రామాలయాలకూ కొదవలేదు. కింది అంతస్తులే కష్టంగా ఉంది. కొత్త అపార్టుమెంట్లన్నీ కింద కార్లకు వదిలేసి పైనుంచి మొదలుపెడుతున్నారు. ఆయన సాయంత్రాలు ఆఫీసవగానే స్కూటరు మీద వీధులు తిరుగుతున్నారు. శుక్రవారం రైలు టికెట్లు మాత్రం ముందుగానే చేయించుకుంటున్నారు, ఇల్లింకా దొరకలేదు.