ఎడమచెయ్యి

మా కింది వాటాలో ఉండే పెద్దాయన్ని, ఆయన లేనప్పుడు, నేనూ నా రూమ్మేటూ పోస్టుమాస్టారనేవాళ్లం. నిజానికాయన న్యూయార్క్ పోస్టాఫీసులో ఏళ్ల తరబడి ఉత్తరాలు వేరుచేసి రిటైరైన మనిషి. జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర, చెక్కమెట్లు కిర్రుమనే పాత ఇల్లు. ఆయన గది తలుపు తీయగానే కలరా ఉండల వాసన, దాని వెనకాలే మాడిన కాఫీ వాసన. గోడ పొడుగునా రికార్డులు. ఆయన ముఖం ఇప్పుడు సగమే గుర్తొస్తుంది గానీ, ఆ రికార్డు అట్టల అంచులు మాత్రం కళ్ల ముందే ఉన్నాయి. తెల్లగా అరిగిపోయి, కొన్నింటికి గోధుమరంగు టేపు అంటించి ఉండేవి. టేపు పోస్టాఫీసుదే అయ్యుంటుంది.

అప్పుడు 1986. నేను కోబాల్ ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో కొత్తగా చేరాను. నా రూమ్మేటుది గుంటూరు. ఇండియాలో ఉండగా మా ఇద్దరికీ జాజ్ ఓనమాలు కూడా తెలీవు. యూనివర్సిటీలో ఎవరో వాడికి పియానిస్టు బిల్ ఎవాన్స్ పిచ్చి ఎక్కించారు. నాకు ఆఫీసులో ఒకాయన ఇంకో పియానిస్టు ఆస్కార్ పీటర్సన్ 'నైట్ ట్రెయిన్' క్యాసెట్ ఇచ్చాడు. టేపు సాగిపోయేదాకా విన్నాను. ఆ వయసులో నాకు వేగమంటే మోజు. ఎవరి వేళ్లు ఎక్కువ పరిగెడితే వాళ్లే గొప్ప. పీటర్సన్ కుడిచెయ్యి పైనుంచి కిందికి జారుతుంటే, బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేనూ మోకాలి మీద వేళ్లు ఆడించేవాణ్ణి. ఎదురుగా కూర్చున్నవాళ్లు నా గురించి ఏమనుకునేవాళ్లో!

"ఒరే, మీవాడి దగ్గర స్వరాలెక్కువ, సంగీతం తక్కువ," అనేవాడు రూమ్మేటు. ఆ మాట వాడిది కాదు, ఏదో పత్రికలో చదివిందే. వాడి దైవం 1961 జూన్ 25. ఆ ఆదివారం న్యూయార్క్ జాజ్ క్లబ్బు విలేజ్ వాన్‌గార్డ్‌లో బిల్ ఎవాన్స్, స్కాట్ లఫారో, పాల్ మోషన్ కలిసి వాయించింది రికార్డు చేశారు. పదకొండు రోజులకి, బేసు వాయించిన లఫారో కారు ప్రమాదంలో పోయాడు. ఆ రికార్డు వేసేటప్పుడు మావాడు లైటు ఆర్పేసేవాడు. వెనకాల గ్లాసుల చప్పుడు, ఎవరో ఆడమనిషి నవ్వు వినిపిస్తాయి. అవి కూడా వాడికి సంగీతమే. నేను లైటు వేసేవాణ్ణి. గొడవ.

ఒక శనివారం ఆ గొడవ నడుస్తుండగా పోస్టుమాస్టారు పైకొచ్చి తలుపు కొట్టాడు. చప్పుడెక్కువైందని చెప్పడానికి వచ్చాడనుకుని మావాడు సౌండు తగ్గించాడు. "పాట తగ్గించకండి, మాటలు తగ్గించండి," అన్నాడాయన. తర్వాత మమ్మల్నిద్దర్నీ కిందికి పిలుచుకెళ్లాడు.

ఆయన తీసి పెట్టింది పియానిస్టు ఆర్ట్ టేటమ్ రికార్డు, 'పియానో స్టార్ట్స్ హియర్'. అందులో మొదటి నాలుగూ 1933 నాటివి, మిగతావి 1949లో లాస్ ఏంజెలెస్ ష్రైన్ ఆడిటోరియమ్ కచేరీవి. 'టైగర్ రాగ్' వేశాడు. నాకు నోట మాట రాలేదు. పీటర్సన్ కుర్రవాడుగా ఉన్నప్పుడు, మాంట్రియల్లో రైల్వే పోర్టరుగా చేసే తండ్రి ఈ పాటే వినిపిస్తే, ఇద్దరు వాయిస్తున్నారనుకున్నాడట. ఒక్కడేనని తెలిసి కొన్నాళ్లపాటు పియానో ముట్టుకోలేదట. ఆ కథ అప్పుడు నాకు తెలీదు గానీ, నేనూ ఇద్దరనే అనుకున్నాను. మావాడు మాత్రం పెదవి విరిచి, "సర్కస్," అన్నాడు తెలుగులో. పోస్టుమాస్టారికి మాట అర్థం కాలేదు, ముఖం అర్థమైంది.

ఆయన టర్న్‌టేబుల్ పాతకాలంది. దాని పక్కన చిన్న మీట, దాని మీద 16, 33, 45, 78 అని అంకెలు. ముల్లు ఎత్తి, మీటని 16కి జరిపి, 'యెస్టర్‌డేస్' దగ్గర మళ్లీ దించాడు. వేగం సరిగ్గా సగమైంది. శ్రుతి ఒక స్థాయి కిందికి దిగింది. పియానో గొంతు బొంగురుపోయి నేల కింద నుంచి వస్తున్నట్టుంది. "కుడిచెయ్యి వినకండి. దాన్ని అందరూ వింటారు. ఎడమచెయ్యి వినండి," అన్నాడు.

విన్నాం. ఎడమచేతిది స్ట్రైడ్ నడక అని ఆయనే చెప్పాడు. కింద ఒక మంద్రస్వరం కొట్టి, అంతలోనే పైకి ఎగిరి ఒక కార్డు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తి, పట్టుకోవాలి. మళ్లీ కిందికి, మళ్లీ పైకి. హార్లెమ్‌లో జేమ్స్ పి. జాన్సన్, ఫ్యాట్స్ వాలర్ లాంటివాళ్లు పెంచిన పద్ధతి. టేటమ్ ఆ దూకుళ్ల మధ్యలో, చిటికెనవేలు ఒక మెట్టు మీద, బొటనవేలు దానికి పదో మెట్టు మీద ఉండేలా చెయ్యి చాపి, అలా చాపిన చేతితోనే నడిచి వెళ్లిపోతున్నాడు. పైగా పాట అసలు కార్డుల్ని పక్కకి తోసి, రెండు మూడు కొత్తవి దూర్చి, చరణం చివరికి ఏమీ ఎరగనట్టు ఇంటికి చేరుతున్నాడు. మామూలు వేగంలో ఇదంతా కుడిచేతి మెరుపుల వెనక దాక్కుంటుంది. సగం వేగంలో ఆ మెరుపులు కూడా నగలు పెట్టినట్టు అనిపించలేదు. ఎడమచెయ్యి ఎటు తిరగబోతోందో అవి ముందే చెబుతున్నాయి.

మావాడు అంత తేలిగ్గా లొంగే రకం కాదు. మరుసటి వారం లైబ్రరీ నుంచి జిరాక్సు కాగితాలు పట్టుకొచ్చాడు. 1955లో ఫ్రెంచి విమర్శకుడు ఆంద్రే ఓదేర్ 'డౌన్ బీట్' పత్రికలో టేటమ్‌ని ఉతికి ఆరేశాడు. అందరికీ తెలిసిన పాటలే పట్టుకుని వాటికి అలంకారాలు చేస్తాడు తప్ప కొత్త ఆలోచన లేదని ఆయన అభియోగం. దానికి పియానిస్టు బిల్లీ టేలర్ గట్టిగా జవాబిచ్చాడు. మావాడు మొదటిదే తెచ్చాడు, రెండోది తేలేదు. రెండోది నేను వెతికి తెచ్చాను. ఆ కాగితాల మీద కాఫీ మరకలు పడేదాకా కొట్టుకున్నాం.

ఆ రోజుల్లోనే నాన్న విజయవాడ నుంచి ఏరోగ్రామ్ రాశారు. మాండలిన్ శ్రీనివాస్ కచేరీ విన్నారట. ఆ పాలకొల్లు పిల్లవాడు అప్పటికే 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి వచ్చాడు. హాల్లో పక్కన కూర్చున్నాయన ఉండబట్టలేక, "వేగం బాగానే ఉందండీ, భావమేదీ?" అన్నాడట. 'ఆయన కళ్లు మూసుకుని వినలేదు నాయనా, వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు' అని నాన్న రాశారు. ఆ వాక్యం మావాడికి చదివి వినిపించాను. వాడు, "మీ నాన్నగారు నీ పార్టీయేలే," అని తీసిపారేశాడు.

న్యూయార్క్‌లో బ్రాడ్లీస్ అనే జాజ్ క్లబ్బుకి మొదటిసారి ఎప్పుడు వెళ్లామో తేదీ గుర్తులేదు. చలికాలం. జర్నల్ స్క్వేర్‌లో పాత్ రైలెక్కితే నైన్త్ స్ట్రీట్‌లో దిగి, నాలుగడుగులు నడిస్తే యూనివర్సిటీ ప్లేస్. ఇరుకైన పొడుగాటి గది, చుట్టూ చెక్కగోడలు, సిగరెట్ పొగ, కాల్చిన మాంసం వాసన. బల్ల దగ్గర కూర్చునే స్తోమత లేదు. బారు దగ్గర నిలబడి, ఒక్క బీరుని ఎంతసేపు తాగొచ్చో అంతసేపూ తాగేవాళ్లం. అక్కడి బాల్డ్విన్ పియానో పాల్ డెస్మండ్ వీలునామాలో రాసిచ్చి పోయింది. 'టేక్ ఫైవ్' కట్టిన శాక్సోఫోన్ విద్వాంసుడు ఆయన. న్యూయార్క్‌లో 1926 నుంచీ క్యాబరే చట్టమని ఒకటుండేది. లైసెన్సు లేనిచోట డ్రమ్సు, బాకాలు వాయించకూడదు, ముగ్గురికి మించి వాయించేవాళ్లు ఉండకూడదు. ఆ ఆంక్షల్ని 1980ల చివర్లో కోర్టులు కొట్టేశాయి. అందాకా బ్రాడ్లీస్‌లో పియానో, బేసు, ఇద్దరే. చట్టం ఎవరికి ఏం మేలు చేసిందో గానీ, డ్రమ్సు మోత లేకపోవడంతో పియానిస్టు ఎడమచెయ్యి ఏం చేస్తోందో, ఏం మానేస్తోందో బారు దగ్గరికి కూడా వినపడేది.

1987 వేసవిలో మా ఊళ్లో పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. బొట్టు పెట్టుకునేవాళ్లని జెర్సీ సిటీ నుంచి తరిమేస్తామని అందులో ఉంది. రాసినవాళ్లు తమని 'డాట్‌బస్టర్స్' అని చెప్పుకున్నారు. సెప్టెంబరులో, పక్కనే హోబోకెన్‌లో, ఒక భారతీయ యువకుణ్ణి కొట్టారు. కొద్ది రోజులకి అతను చనిపోయాడు. మేం చీకటి పడ్డాక బయటికి వెళ్లడం మానేశాం. బ్రాడ్లీస్‌లో చివరి సెట్టు రాత్రి రెండింటికి మొదలయ్యేది, ఇంకేం వెళ్తాం!

ఒకరోజు పోస్టుమాస్టారు టోపీ పెట్టుకుని పైకొచ్చి, "బ్రాడ్లీస్‌లో టామీ ఫ్లానగన్ ఉన్నాడీ వారం. నాకు తోడు రండి," అన్నాడు. ఎవరికి ఎవరు తోడో మాకు దారిలో గానీ వెలగలేదు. స్టేషన్ నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆయన పేవ్‌మెంట్‌కి బయటివైపు నడిచాడు.

1944లో యాభైరెండో వీధిలో టేటమ్ ట్రయోని విన్నానని ఆయన చాలాసార్లు చెప్పాడు. ఏ పాటలు వాయించాడని ఆ రాత్రి అడిగాను. "పాటలు గుర్తులేవు. బయటికొచ్చాక నలుగురు నావికులు నా టోపీ లాక్కుని తొక్కారు. టోపీ గుర్తుంది. బూడిదరంగుది," అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఫ్లానగన్ గురించి వెళ్లేటప్పుడే మావాడు ఎత్తిపొడిచాడు. 1959లో శాక్సోఫోన్ విద్వాంసుడు కోల్‌ట్రేన్ 'జెయింట్ స్టెప్స్' రికార్డు చేసినప్పుడు పియానో దగ్గరున్నది ఆయనే. కార్డులు అంత వేగంగా మారుతుంటే సోలోలో తడబడి, చివరికి ఉత్తి కార్డులు వేసి ఊరుకున్నాడు. ఆ తడబాటు అలాగే రికార్డులో ఉండిపోయింది. జాజ్ విన్న ప్రతివాడికీ తెలిసిన పరాభవం. 1982లో ఆయన ఆ పాటతో సహా కోల్‌ట్రేన్ స్మృతికి ఒక ఆల్బమ్ చేసి, అన్నీ చక్కగా వాయించాడన్నది అంతమంది చెప్పుకోరు.

ఫ్లానగన్‌ది బట్టతల, మీసం, ఎవరినీ పట్టించుకోని తీరు. మొదట ఒక వేగమైన పాట వాయించాడు. తర్వాతది స్ట్రేహార్న్ 'చెల్సీ బ్రిడ్జ్' అనే నా జ్ఞాపకం. మావాడు మాత్రం ఎల్లింగ్టన్‌ది ఇంకేదో అంటాడు. ఏదైతేనేం, ఎడమచెయ్యి దాదాపు కదల్లేదు. రెండు స్వరాలు, కొన్నిచోట్ల ఒక్కటే. అవీ తాళం మీద పడవు, కాస్త వెనకో ముందో. బేసు అడుగున నడుస్తుంటే, ఎక్కడ తాను అడ్డం రాకూడదో ఆ చేతికి తెలుసు. ఒక్కచోట మాత్రం, చివరి చరణంలో, నాలుగు ఆవర్తాలపాటు పూర్తి స్ట్రైడ్ వేసి వదిలేశాడు, తనకూ వచ్చునని చెప్పినట్టు. పోస్టుమాస్టారు మోచేత్తో నా డొక్కలో పొడిచాడు. ఆ నొప్పి కూడా గుర్తుంది.

టేటమ్ కన్నా ఫ్లానగన్ గొప్పవాడా అని మేం తిరుగు రైల్లో అడిగితే, పోస్టుమాస్టారు సమాధానం చెప్పకుండా నిద్రపోయాడు. నిద్ర నటించాడేమో.

1989లో ఆయన దక్షిణాన ఎక్కడో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. రికార్డులు తీసుకెళ్లాడు. నాకు 'యెస్టర్‌డేస్' ఉన్న ఆ రికార్డు ఇస్తాడని లోపల ఆశ ఉండేది. ఇవ్వలేదు. ఎందుకిస్తాడు? బ్రాడ్లీస్ 1996లో మూతపడింది.

అదే ఏడాది అక్టోబరులో న్యూయార్క్ టౌన్ హాల్లో పీటర్సన్ గౌరవార్థం కచేరీ. మావాడు అప్పటికి టెక్సస్ వెళ్లిపోయాడు, అయినా విమానమెక్కి వచ్చాడు. మూడేళ్ల కిందట పీటర్సన్‌కి పక్షవాతం వచ్చి ఎడమవైపు దెబ్బతింది. రే బ్రౌన్, మిల్ట్ జాక్సన్ లాంటి పాత స్నేహితులంతా వేదిక మీద. ఆయన భారీ శరీరంతో మెల్లగా వచ్చి కూర్చున్నాడు. కుడిచెయ్యి పరిగెత్తింది, ఇంకా పరిగెడుతూనే ఉంది. ఎడమచెయ్యి ఎక్కడో ఒక స్వరం తాకి ఆగిపోయేది. నేను చూడలేకపోయాను. ప్రోగ్రాం పుస్తకం చదువుతున్నట్టు తల దించుకున్నాను. మావాడు మాత్రం ముందుకు వంగి, రెప్ప వేయకుండా చూశాడు.

ఇప్పటికీ ఫోన్లో అదే గొడవ, కానీ పార్టీలు మారాయి. పీటర్సన్ జబ్బు పడ్డాకే నిజంగా సంగీతం వాయించాడని వాడంటాడు. చెయ్యి లేకపోయాక ఏం వదిలేయాలో తెలిసొచ్చిందట, ఫ్లానగన్ దారికొచ్చాడట. నేను ససేమిరా ఒప్పుకోను. అది జాలి, సంగీతం కాదు. 'నైట్ ట్రెయిన్'లో చివరి పాట 'హిమ్ టు ఫ్రీడమ్' మళ్లీ వినమంటాను. పీటర్సన్ సొంత రచన అది, 1962 డిసెంబరులో రికార్డు చేసింది. ప్రార్థనలా నెమ్మదిగా మొదలై చివరికొచ్చేసరికి రెండు చేతులూ కలిసి కార్డుల్ని వణికిస్తాయి. ఆ ఎడమచెయ్యి తీసేసి వినిపించు చూద్దాం, అంటాను. వాడు, "నీకింకా వేగం పిచ్చి పోలేదురా," అంటాడు. ఆ పాటలో వేగమెక్కడుంది?