ముప్పై పడకల ఆసుపత్రికి నేను పెట్టే పరీక్ష

మిర్చి కల్లాలకెక్కింది. ఇంకో రెండు నెలలు మనలో చాలామందికి కాయ కాపలా, పట్టా మీద నేల పడకే. అందుకే ఈ పోస్టు ఇప్పుడు రాస్తున్నా.

బోర్డు మీద సీహెచ్‌సీ అని ఉంటుంది, మనం ముప్పై పడకల ఆసుపత్రి అంటాం. మైదాన ప్రాంతంలో 1,20,000 జనాభాకి ఒకటి ఉండాలని లెక్క. కొత్త బిల్డింగు, టైల్సు చూసి బాగుందనుకోవద్దండీ. రాత్రి రెండింటికి పాము కరిచినోణ్ణి తీసుకెళ్తే అక్కడే మందు మొదలుపెడతారా, చీటీ రాసి గుంటూరో ఒంగోలో పొమ్మంటారా? నా వరకు అదే పరీక్ష.

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే ఇంజెక్షన్. పాముని చంపి సంచిలో వేసుకుపోనక్కర్లా. పింజర విషం రక్తంలో కలిసిందో లేదో చూట్టానికి పెద్ద మిషనూ అక్కర్లా. శుభ్రమైన గాజు గొట్టంలో 2 మి.లీ. రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచితే చాలు, గడ్డ కట్టకపోతే విషం ఎక్కినట్టే. కట్లపాముది వేరే దారి. కరిచిన చోట నొప్పీ వాపూ పెద్దగా ఉండవు, నిద్రలో చీమ కుట్టిందనుకుంటాం. కాసేపటికి రెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది, ఆ తర్వాత ఊపిరి అందదు.

నాలుగేళ్ళ కింద మా పక్క చేలో పత్తి తీస్తున్న కూలీని కరిస్తే ఆసుపత్రిలో ఒక్క సూదీ వెయ్యకుండా పంపించేశారు. బతికింది గానీ ఆరు రోజులు వెంటిలేటర్ మీదే. మరుసటేడు ఇంకొకర్ని తీసుకెళ్తే, ముందు పది వయల్స్ ఎక్కించి ఆ తర్వాతే 108 పిలిచారు. బిల్డింగు అదే, పడకలు అవే. డాక్టరు మారారు, నైట్ నర్సుకి ట్రైనింగ్ అయింది, అంతే.

మందు పడక రియాక్షన్ వస్తుందని డాక్టర్లకి భయం. ఉత్త భయం కాదది, నిజంగానే వస్తుంది. అడ్రినలిన్ సూది పక్కన పెట్టుకుంటే ఆపొచ్చు. కానీ ఒంటరి డ్యూటీలో, జరగరానిది జరిగితే మనోళ్ళే అద్దాలు పగలగొడతారని తెలిసినప్పుడు ఎవరు తెగిస్తారు చెప్పండి? ఇద్దరు మనుషులుండాలి రాత్రి పూట. ఇది మనం అడిగి తెచ్చుకోవాల్సిందే.

ఈసారి టౌనుకి వెళ్ళినప్పుడు ఆసుపత్రి మందుల కిటికీ దగ్గర ఆగండి. పాముకాటు మందు ఎన్ని వయల్స్ ఉన్నాయి, గడువు ఎప్పటిదాకా, రాత్రి తాళం ఎవరి దగ్గరుంటుంది అని అడగండి. పురుగుమందు కొట్టి పడిపోయినోళ్ళకిచ్చే అట్రోపిన్ ఉందో లేదో కూడా. తాళం సంగతి మాత్రం మర్చిపోవద్దు, బీరువా నిండా మందుండి తాళం ఇంటికెళ్ళిన ఊళ్ళున్నాయి.